వారాంతానికి పారిస్: యూకేలో ఉన్న మన విద్యార్థులకు షెంగెన్ వీసా దరఖాస్తు విధానం

శుక్రవారం రాత్రి లండన్ విక్టోరియాలో బస్సెక్కితే తెల్లారేసరికి పారిస్. శని, ఆదివారాలు తిరిగి, ఆదివారం రాత్రి మళ్ళీ బస్సెక్కితే సోమవారం మధ్యాహ్నం క్లాసుకి అందుకోవచ్చు. యూకేలో చదువుకునే మన పిల్లలు రూమ్మేట్‌ని వెంటేసుకుని వేసే మొదటి యూరప్ ప్లాన్ చాలావరకు ఇదే. బస్సు చవక, హాస్టల్లో మంచం చవక. ఖరీదైంది షెంగెన్ వీసా, అంటే ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా చెల్లే వీసా, ఒక్కటే. ఫీజు 90 యూరోలు, దానిపైన దరఖాస్తు కేంద్రం వాళ్ళ సర్వీస్ చార్జీ. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగిరాదు.

ఆ కేంద్రాల బయట ఫైలు చంకలో పెట్టుకుని దిగాలుగా నిలబడ్డవాళ్ళని చూశాను. డబ్బు లేక వీసా పోగొట్టుకున్నవాళ్ళు వాళ్ళలో తక్కువ. ఎవరో చెప్పిన మాట విని, లేని డబ్బు ఉన్నట్టు చూపించబోయి పోగొట్టుకున్నవాళ్ళే ఎక్కువ కనిపించారు.

తేలికైన పనులు ముందు ముగిద్దాం. ఫ్రాన్స్-వీసాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫారం నింపి, ప్రింట్ తీసి సంతకం పెట్టాలి. తర్వాత లండన్, మాంచెస్టర్, ఎడిన్‌బరోల్లో ఏదో ఒక కేంద్రంలో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. పాస్‌పోర్ట్ తీసుకుని పదేళ్ళు దాటకూడదు, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో 3 నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ఫొటో 35 బై 45 మిల్లీమీటర్లు. 30,000 యూరోలకు తగ్గని ప్రయాణ వైద్య బీమా కావాలి. వేలిముద్రలు అక్కడే తీసుకుంటారు. ఇవి దాదాపు ఐదేళ్ళు పనికొస్తాయి కాబట్టి ఈమధ్య ఇచ్చినవాళ్ళకు మళ్ళీ అడగకపోవచ్చు.

దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి వేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా వేయాలి. నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది. అనుమానం వస్తే 45 రోజుల దాకా పట్టొచ్చు. అన్నాళ్ళూ పాస్‌పోర్ట్ వాళ్ళ దగ్గరే ఉంటుంది. మధ్యలో ఇంటికి, పెళ్ళికి, పండక్కి వెళ్ళే పనుంటే ఆ తేదీలు ముందే చూసుకోండి.

అపాయింట్‌మెంట్ దగ్గరే దళారులు తగులుతారు. వాట్సాప్ గ్రూపుల్లో "స్లాట్ ఇప్పిస్తాం" అంటూ వంద పౌండ్లు, నూటయాభై పౌండ్లు అడుగుతుంటారు. స్లాట్ దళారులు అమ్మే సరుకు కాదు. డబ్బు పోవడం ఒక ఎత్తు, వాళ్ళు తమ ఈమెయిల్, తమ ఫోన్ నంబర్‌తో మీ ఖాతా తెరవడం ఇంకో ఎత్తు. కాన్సులేట్ ఏదైనా అడిగితే ఆ కబురు మీకు కాకుండా వాళ్ళకు చేరుతుంది. రద్దయిన స్లాట్లు మళ్ళీ కనపడుతూనే ఉంటాయి, రోజుకు రెండు మూడు సార్లు మీరే చూసుకోండి. ఫ్రాన్స్ స్లాట్ దొరకలేదని వేరే దేశం వీసా తీసుకుని పారిస్ ఒక్కటే తిరిగి రావచ్చనే సలహా కూడా వినిపిస్తుంది. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలన్నది నిబంధన. ప్లాన్ ఒకటి రాసిచ్చి ఇంకోటి చేస్తే సరిహద్దులో జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

ఇక యూకేలో మీ హోదా. బీఆర్‌పీ అనే నివాస అనుమతి కార్డుల కాలం అయిపోయింది, ఇప్పుడంతా ఆన్‌లైన్‌లో ఉండే ఈ-వీసా. యూకే వీసాల విభాగం యూకేవీఐలో మీ ఖాతాలోకి వెళ్ళి, మీ హోదాని వేరేవాళ్ళు చూసుకునేందుకు ఇచ్చే షేర్ కోడ్ తీసుకుని, హోదా చూపించే పేజీతో పాటు ప్రింట్ చేయాలి. ఉద్యోగం కోసం, ఇంటి అద్దె కోసం, ఇతర అవసరాల కోసం అని కోడ్‌లో మూడు రకాలుంటాయి. మీకు కావలసింది మూడోది, ఎస్ అక్షరంతో మొదలవుతుంది. 90 రోజులే పనిచేస్తుంది. స్టూడెంట్ వీసా కూడా మీరు తిరిగొచ్చాక 3 నెలలు మిగిలి ఉండాలి. కోర్సు అయిపోయాక చివర్లో ఒకసారి పారిస్ చూసొద్దాం అనుకునేవాళ్ళకు ఇక్కడే దెబ్బ తగులుతుంది. చూడాలని ఉంటే కోర్సు మధ్యలోనే వెళ్ళిరండి. అన్నట్టు, కాన్వొకేషన్‌కి విజిట్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల దరఖాస్తు ఇక్కడ సాధారణంగా తీసుకోరు. వాళ్ళు ఇండియాలో బయల్దేరకముందే షెంగెన్ వీసా తీసుకుని రావాలి.

రోజుల లెక్క చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఫైలంతా దాని మీదే నిలబడుతుంది. శని, ఆదివారాలే కదా అని రెండు రోజులు అడిగేవాళ్ళున్నారు. ఫ్రెంచ్ పోలీసుల తనిఖీ సముద్రం దాటకముందే డోవర్ రేవులో, ఇంగ్లండ్ గడ్డ మీదే జరుగుతుంది. శుక్రవారం రాత్రి అర్ధరాత్రికి ముందు అక్కడ దాటితే శుక్రవారం ఒక రోజు కింద లెక్క. వచ్చేటప్పుడు ఫ్రాన్స్ వైపు రేవు కలేలో సోమవారం తెల్లవారుజామున దాటితే అదీ ఒక రోజే. బస్సులో దుప్పటి కప్పుకుని పడుకున్న గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. కాబట్టి మీది నాలుగు రోజుల ప్రయాణం. ఫారంలో, బీమాలో, ప్రయాణం గురించి మీరు రాసి జతచేసే ఉత్తరంలో అన్నిచోట్లా శుక్రవారం నుంచి సోమవారం వరకు అవే నాలుగు తేదీలు ఉండాలి.

ఇప్పుడు అసలు చిక్కు, బ్యాంక్ స్టేట్‌మెంట్.

ఫ్రాన్స్ ఎంత చూపించమంటుందో చాలామందికి తెలియదు. హోటల్ బుకింగ్ ఉంటే మనిషికి రోజుకు 65 యూరోలు, లేకపోతే 120. హాస్టల్ బుక్ చేసుకుని నాలుగు రోజులు వెళ్ళే మనిషికి 260 యూరోలు. అది కనీసం. దానిపైన, తిరిగొచ్చాక అద్దె కట్టి, కూరగాయలు కొనుక్కునేంత మిగులు కనిపిస్తే మీ సంగతి వాళ్ళకు అర్థమవుతుంది. ఈ మాత్రానికి రెండు మూడు వేల పౌండ్లు చేబదులు తెచ్చి ఖాతాలో వేయడం దేనికి? అడిగేది చివరి 3 నెలల స్టేట్‌మెంట్. మూడు నెలలుగా నూటయాభై, రెండొందలు ఆడుతున్న ఖాతాలో అపాయింట్‌మెంట్‌కి నాలుగు రోజుల ముందు రెండువేలు పడితే, అది ఎవరి డబ్బో చూసేవాళ్ళకు తెలియకుండా పోదు. 260 యూరోలు చూపించాల్సిన ఫైలుకు ఆ రెండువేలే అడ్డం పడతాయి.

నిజంగా మీదే అయిన డబ్బు కూడా కాగితం మీద వింతగా కనిపించొచ్చు. ఐదుగురు ఒకే ఇంట్లో ఉంటారు, అద్దె ఒకరి ఖాతా నుంచి ఇంటి యజమానికి పోతుంది, మిగతా నలుగురూ నెలనెలా ఆ ఒక్కరికి పంపుతారు. ఆ ఒక్కరి స్టేట్‌మెంట్ చూస్తే నలుగురు మనుషుల నుంచి డబ్బు వచ్చిపడుతుంటుంది. మీరే ఆ ఒక్కరైతే అద్దె ఒప్పందం కాపీ జతచేసి, ఆ జమల పక్కన పెన్సిల్‌తో గుర్తుపెట్టి, ఉత్తరంలో ఒక్క వాక్యం రాయండి. నాన్న ఫీజు కోసం పంపిన డబ్బైతే పంపిన రసీదు పెట్టండి. పార్ట్‌టైమ్ జీతం ఉంటే 3 నెలల పేస్లిప్పులు పెట్టి, స్లిప్పులో ఉన్న అంకె, బ్యాంకులో పడిన అంకె ఒకటేనో కాదో సరిచూసుకోండి. జీతం ఒక ఖాతాలో పడి పొదుపు ఇంకో ఖాతాలో ఉంటే రెండూ ఇవ్వాలి. ఫోన్ స్క్రీన్‌షాట్లు వద్దు. మీ పేరు, చిరునామా ఉన్న పూర్తి స్టేట్‌మెంట్, అన్ని పేజీలూ కావాలి. చిల్లర ఖర్చులు కనపడతాయని మధ్య పేజీ తీసేయకండి. పిజ్జా తిన్నందుకు ఎవరూ వీసా ఆపరు.

ఇద్దరు కలిసి వెళ్తున్నా ఫైళ్ళు రెండు. ఒకరి పేరు మీదే హాస్టల్ బుక్ అయి ఉంటే రెండోవాళ్ళకు బస లేనట్టే. ఇద్దరి పేర్లూ, పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే, కన్ఫర్మేషన్‌లో ఉండాలని హాస్టల్‌కి రాసి అడగండి. ఇంటిపేరు ఒకచోట పొట్టి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా రాసే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. ఎవరి ఖర్చు వాళ్ళదే అయితే మంచిది. ఒకరే పెట్టుకుంటున్నా తప్పులేదు, కానీ ఆ మాట రాసి, పెట్టుకునేవాళ్ళ స్టేట్‌మెంట్ కాపీ రెండో ఫైలులోనూ పెట్టాలి. పారిస్‌లో తెలిసినవాళ్ళింట్లో దిగుతామంటే వాళ్ళు మామూలుగా రాసిచ్చిన కాగితం చాలదు. ఆ ఊరి మేయర్ ఆఫీసు ఇచ్చే ఆతిథ్య పత్రం కావాలి, దానికి సమయం పడుతుంది. రెండు రోజులకు అంత శ్రమ దేనికి, హాస్టలే నయం. ఒకరికి వీసా వచ్చి ఇంకొకరికి రాకపోవచ్చు కూడా, కాబట్టి రద్దు చేసుకోగల బుకింగే తీసుకోండి. టికెట్ అసలు కొనకుండా రిజర్వేషన్ చూపించినా సరిపోతుంది.

"డమ్మీ" హోటల్ కాగితాలు పది పౌండ్లకు దొరుకుతాయి. వాటి జోలికి పోవద్దు. పత్రాలు చాలక వచ్చిన తిరస్కరణ వేరు, దొంగ కాగితం పెట్టినందుకు వచ్చిన తిరస్కరణ వేరు. ఆ నిర్ణయం షెంగెన్ దేశాలన్నీ చూసే వ్యవస్థలో ఐదేళ్ళు ఉంటుంది. యూకే వీసా ఫారంలో కూడా ఏ దేశమైనా వీసా నిరాకరించిందా అని అడుగుతారు, నిజమే చెప్పాలి. మామూలు తిరస్కరణకు మాత్రం అంత కుంగిపోనక్కర్లేదు. ఇచ్చే ఫారంలో కారణం టిక్ పెట్టి ఉంటుంది. అప్పీల్ చేసుకోవచ్చు, లోపం సరిదిద్ది మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పాస్‌పోర్ట్ చేతికొచ్చాక కేంద్రం గడప దాటకముందే స్టిక్కర్ చదవండి. పేరు, పాస్‌పోర్ట్ నంబర్, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఎన్ని రోజులు. తేదీల మధ్య కాలం పెద్దగా ఉన్నా, ఉండగలిగేది 'రోజులు' అన్నచోట వేసిన అంకె వరకే. అక్కడ నాలుగు బదులు మూడు ఉంటే ఆదివారం రాత్రి బస్సు మానేసి, మధ్యాహ్నం బస్సుకు మార్చుకోవాలి. హాస్టల్, బీమా, తిరుగు టికెట్ కాగితాలు సంచి అడుగున కాకుండా పైన పెట్టుకోండి. డోవర్‌లో మళ్ళీ అడుగుతారు.