సొంత విమానానికి సొంత వైరింగు - 9వ పాఠం: స్టిక్ గ్రిప్ వైర్లకు దారి

పోయిన పాఠంలో ప్యానెల్ వెనక వైర్లను కట్టలు కట్టి క్లాంపులతో బిగించాం. అవి ఇక కదలవు. ఈ పాఠంలో వచ్చేవి స్టిక్ (పైలట్ చేత్తో పట్టుకుని విమానాన్ని తిప్పే కర్ర) పైనున్న పిడి, అంటే గ్రిప్, బటన్ల నుంచి దిగే ఏడెనిమిది వైర్లు. ఇవి అలా కాదు. స్టిక్‌ను ముందుకు నెట్టినా, వెనక్కి లాగినా, పక్కకు వంచినా అవీ వంగుతాయి. విమానం ఉన్నంతకాలం వంగుతూనే ఉంటాయి. కాబట్టి దారి వేసేటప్పుడు రెండు సంగతులు చూడాలి. వంపు ఒక్కచోటే పడకూడదు. ఎట్టి పరిస్థితిలోనూ వైరు పోయి స్టిక్ కదలికకు అడ్డుపడకూడదు. రెండోదే పెద్దది. బటన్ పనిచేయకపోయినా విమానాన్ని దించవచ్చు, ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక రెక్క) బిగుసుకుపోతే దించడం ప్రాణాల మీదికొస్తుంది.

ముందు గ్రిప్‌లో ఉన్నవన్నీ కాగితం మీద రాసుకోండి. మన నమూనాలో రేడియోలో మాట్లాడటానికి నొక్కే పీటీటీ బటన్, నాలుగు దిక్కుల ట్రిమ్ స్విచ్ (స్టిక్‌ను అదేపనిగా పట్టి ఉంచే బలం తగ్గించే చిన్న మోటార్లను నడిపేది), ఆటోపైలట్‌ను వదిలించే బటన్ ఉన్నాయి. పీటీటీకి 1, ట్రిమ్‌కు 4, ఆటోపైలట్‌కు 1, అన్నిటికీ కలిపి ఎర్త్ 1, వెరసి 7 వైర్లు. ఎనిమిదోది అదనంగా లాగి, రెండు కొసలూ స్లీవ్ వేసి మూసి పెట్టండి. రేపు ఒక వైరు తెగితే మొత్తం కట్టను బయటికి లాగే పని తప్పుతుంది.

ఒంగోలులో లారీల వైరింగ్ చేసే తమ్ముడొకడు మంచి ప్రశ్న వేశాడు. "అన్నా, ఎర్త్‌కు వేరే వైరు దేనికి? స్టిక్ ట్యూబు ఇనుమే గదా, లారీకి ఛాసీకి ఇచ్చినట్టు దానికే ఇచ్చేస్తే పోలా?" పోదు. అలా ఇస్తే కరెంటు స్టిక్ కింద ఉన్న పివట్ (స్టిక్ తిరిగే ఇరుసు) బేరింగుల గుండా వెళ్లాలి. అక్కడ గ్రీజు ఉంటుంది, పెయింటు ఉంటుంది, పైగా ఆ భాగం కదులుతుంది. స్టిక్ కదిలినప్పుడల్లా కాంటాక్టు మారి పీటీటీ తెగి తెగి పనిచేస్తుంది. గ్రిప్ ఎర్త్‌ను విడిగా వైరుతోనే తీసుకురండి.

వైరు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇళ్లకు వాడే పీవీసీ వైరు వద్దు. కాలితే దాని పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, మూసిన కాక్‌పిట్‌లో అది పీల్చడం ప్రమాదం. టెఫ్‌జెల్ అనే వేడిని తట్టుకునే ప్లాస్టిక్ తొడుగున్న, తగరపు పూత వేసిన రాగి పోగుల వైరు తీసుకోండి. ఎం22759/16 అనే రకం 150 డిగ్రీల సెల్సియస్, 600 వోల్టుల వరకు తట్టుకుంటుంది. మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి తగిలే షెడ్లలో పూత లేని రాగి నల్లబడటం మీరు చూసే ఉంటారు. నెల్లూరు నుంచి రైలెక్కితే చెన్నై రిచీ స్ట్రీట్‌లో మల్టీమీటరు, స్లీవ్‌లు, డీ-సబ్ కనెక్టర్లు (చాలా పిన్నులుండే ప్లగ్గులు) దొరుకుతాయి. విమానాల వైరు మాత్రం సర్టిఫికెట్‌తో అమ్మేవారి దగ్గరే కొనండి.

గ్రిప్ వైర్లకు 22 గేజి చాలు. ట్రిమ్ మోటారు కరెంటును గ్రిప్ దాకా రానివ్వకుండా మధ్యలో రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు) పెడుతున్నాం కాబట్టి వీటిలో పారేది రిలే కాయిల్‌కు కావలసినంత కరెంటే.

ఇక అసలు దారి. స్టిక్ ట్యూబు లోపలి నుంచి వైర్లు ఎక్కడ బయటికి రావాలి? ఒక లెక్క చేద్దాం. స్టిక్ నడిమి నుంచి చెరో పక్కకు 15 డిగ్రీలు తిరుగుతుందనుకోండి. వైర్లు పివట్‌కు 10 సెంటీమీటర్ల దూరంలో బయటికొస్తే ఆ చోటు అటు 2.6, ఇటు 2.6, మొత్తం 5.2 సెంటీమీటర్లు జరుగుతుంది. అదే 2 సెంటీమీటర్ల దూరంలో వస్తే మొత్తం జరిగేది 1 సెంటీమీటరే. వైరు వంగేది అయిదోవంతుకు తగ్గిపోయింది. బయటికొచ్చే చోటు పివట్‌కు ఎంత దగ్గరైతే అంత మంచిది.

అయితే ఇక్కడే ఒక చిక్కుంది. చేత్తో తోసినప్పుడు ట్యూబు మీద వంపు బలం ఎక్కువగా పడేదీ పివట్ దగ్గరే. కాబట్టి డ్రాయింగులో లేని రంధ్రం మీరు తొలవకండి. ట్యూబు అడుగు తెరిచి ఉంటే అక్కడి నుంచే దించేయండి, రంధ్రమే అక్కర్లేదు. డ్రాయింగులో రంధ్రం ఉంటే ఆకురాయితో అంచులు నున్నగా చేసి రబ్బరు గ్రామెట్ (అంచు వైరును కోయకుండా రంధ్రంలో పెట్టే వలయం) పెట్టండి. వెల్డింగ్ అతుకు దగ్గర డ్రిల్లు పెట్టనే వద్దు.

బయటికొచ్చిన కట్టకు ఒక వంక (వదులైన గుండ్రటి వంపు) ఇచ్చి, కదలని ఫ్రేముకు క్లాంపు వేస్తాం. ఆ వంక ఎంత ఉండాలి? అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ మార్గదర్శకం ఏసీ 43.13-1బి ప్రకారం, కట్టలోని అన్నిటికన్నా లావు వైరు వ్యాసానికి 10 రెట్లకన్నా తక్కువ వ్యాసార్థంతో వంచకూడదు. మన వైరు సుమారు 1.3 మిల్లీమీటర్లు, అంటే 13 మిల్లీమీటర్లు. నా మట్టుకు, కదిలే కట్టకు ఇది చాలదు. మొత్తం కట్ట వ్యాసానికి 10 రెట్లు ఇవ్వమంటాను. ఎనిమిది వైర్ల కట్ట 4 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది, కాబట్టి 45 మిల్లీమీటర్లు పెట్టుకోండి. చోటుంటే కట్టను పివట్ ఇరుసు వెంబడే కొంత దూరం నడిపించండి. అప్పుడు వైరు వంగే బదులు మెలి తిరుగుతుంది. ఆ మెలి పొడవంతా పరుచుకుంటుంది కాబట్టి పోగులు త్వరగా తెగవు. లారీ తలుపులోకి వెళ్లే వైర్లు మడతబందు దగ్గరే తెగుతాయని ఆ పని చేసేవాళ్లకు తెలుసు. స్టిక్ దగ్గర తెగేదీ అదే కారణంతో.

వైరు వంగే భాగంలో సోల్డరు అతుకు ఉండకూడదు. కరిగిన సీసం పోగుల్లోకి పాకి వైరును పుల్లలా బిరుసు చేస్తుంది. ఆ బిరుసు ఆగిన చోటే వైరు విరుగుతుంది. గ్రిప్‌తో వచ్చిన సన్నవైర్లను పొడిగించాల్సి వస్తే ఆ అతుకు ట్యూబు లోపల, వైరు వంగని నిలువు భాగంలోనే ఉండాలి. కనెక్టరు క్లాంపుకు అవతల ఉండాలి. 9 పిన్నుల డీ-సబ్ షెల్ సుమారు 31 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక అంగుళం ట్యూబులో అది దూరదు. ముందు వైర్లు దించి, తర్వాత పిన్నులు క్రింప్ చేసి (పరికరంతో వైరుకు నొక్కి బిగించి) షెల్‌లో గుచ్చండి. కదిలే చోట కట్టడానికి జిప్ టై కన్నా మైనం పూసిన లేసింగ్ దారం మేలు. కోసిన జిప్ టై కొస పక్క వైరును రాస్తూ ఉంటుంది.

ఇప్పుడు పరీక్ష. సీటు కింది మూతలు వేయకముందే చేయాలి. ఒకరు స్టిక్‌ను నాలుగు మూలలకూ చివరిదాకా తిప్పాలి, ఇంకొకరు టార్చి వేసి వంకను చూడాలి. ఎక్కడా బిగుసుకోకూడదు, ఎక్కడా వేలాడకూడదు. తర్వాత వంకను చేత్తో పట్టుకుని కావాలనే పుష్ రాడ్, బెల్ క్రాంక్ (స్టిక్ కదలికను రెక్కలకూ తోకకూ చేర్చే కడ్డీ, మలుపు లివరు) వైపు లాగండి. అందిందంటే ఇంకో క్లాంపు కావాలి. ఆపైన పీటీటీ నొక్కి ఉంచి మల్టీమీటరు బీప్ వింటూ స్టిక్‌ను గుండ్రంగా తిప్పండి. బీప్ ఒక్కసారి తెగినా పని మళ్లీ చేయాలి. బటన్ వదిలాక కూడా బీప్ వస్తుంటే ఇంకా ప్రమాదం, పీటీటీ అలా అతుక్కుపోతే ఆ ఫ్రీక్వెన్సీలో మరెవరూ మాట్లాడలేరు. ఒక్కో వైరుకూ ట్యూబుకూ మధ్య షార్టు లేదనీ చూసుకోండి. ఇంతా అయ్యాక పౌర విమానయాన శాఖ డీజీసీఏ లైసెన్సున్న ఏఎంఈ (విమానాల నిర్వహణ ఇంజనీరు) ఒకరికి చూపించి, ఆ తర్వాతే మూతలు బిగించండి.

కోతల కాలంలో మన షెడ్లలోకి ఎలుకలు చేరతాయి, ఈ వంక వాటి పళ్లకు బాగా అందే ఎత్తులో ఉంటుంది. విమానం నిలిపి ఉంచిన రోజుల తర్వాత మొదట చూడాల్సిన చోటు ఇది.

వచ్చే పాఠంలో ట్రిమ్ రిలేలు కలుపుతాం. స్విచ్‌ను ముందుకు నొక్కితే ముక్కు దిగాలి, అంటే ఎలివేటర్ మీది ట్రిమ్ ట్యాబ్ పైకి లేవాలి. రిలేలతోపాటు ఒక్కో కాయిల్‌కు ఒక 1ఎన్4007 డయోడు, చేతికందే చోట పెట్టడానికి లాగి ఆపగల 1 యాంపియర్ బ్రేకరు తెచ్చి ఉంచుకోండి.