తెలుగు యాప్ స్క్రీన్లు, వాటి వీడియోలు: చిన్న స్టూడియోలో పని ఏ వరుసలో చేయాలి

మాది హైదరాబాద్ యూసుఫ్‌గూడలో ఒక ఇంటి రెండో అంతస్తు. నలుగురం ఉంటాం. ఇద్దరు యాప్ స్క్రీన్లు గీస్తారు, ఒకబ్బాయి ఎడిటింగూ మోషన్ గ్రాఫిక్సూ చూస్తాడు, నేను మ్యాటర్ రాసి, క్లయింట్లతో మాట్లాడి, బిల్లులు పంపుతాను. ఎక్కువగా వచ్చే పని ఒకటే రకం: ఒక యాప్‌కి తెలుగు స్క్రీన్లు చేయాలి, ఆ యాప్ ఎలా వాడాలో చూపిస్తూ రెండు నిమిషాల వీడియో కూడా చేసివ్వాలి. ఇలాంటి స్టూడియో పెట్టాలనుకునేవాళ్లు, ఇప్పటికే ఇద్దరు ముగ్గురితో నడుపుతున్నవాళ్లు ఎక్కడెక్కడ ఇరుక్కుంటారో నాకు తెలుసు కాబట్టి మేం పని చేసే పద్ధతి రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు వరుస. యాప్‌లో కనిపించే మాట ఖరారయ్యాకే స్క్రీన్, స్క్రీన్ ఖరారయ్యాకే వీడియో. క్లయింట్ తొందరపెడతాడు, "రెండూ పక్కపక్కనే చేసేయండి సార్, టైమ్ కలిసొస్తుంది" అంటాడు. ఒప్పుకోవద్దు.

మేం ఒకసారి ఒప్పుకున్నాం. రైతులు విత్తనాలు, ఎరువులు బుక్ చేసుకునే యాప్ అది. స్క్రీన్లు ఇంకా చూపిస్తూ ఉండగానే వీడియో మొదలుపెట్టాం. చివరి బటన్ మీద "సమర్పించండి" అని ఉంది, క్లయింట్ పంపిన మ్యాటర్‌లో అలాగే ఉంది కాబట్టి మేమూ అలాగే పెట్టాం. వీడియో ముప్పావు వంతు అయ్యాక కోదాడ దగ్గర ఒక ఊరికి ఫోన్ పట్టుకెళ్లి నలుగురికి చూపిస్తే, ఒక పెద్దావిడ అన్నీ సరిగ్గా నింపి ఆ బటన్ దగ్గర ఆగిపోయి "ఎవరికి సమర్పించాలి బాబూ?" అని అడిగింది. ఆమె అడిగిందాంట్లో తప్పేం లేదు, సమర్పించడం దేవుడికి. బటన్‌ని "పంపండి" అని మార్చాం. స్క్రీన్‌లో అది ఐదు నిమిషాల పని, కానీ వీడియోలో ఆ బటన్ పదకొండు షాట్లలో ఉంది, వాయిస్‌లో నాలుగు చోట్ల ఉంది. వాయిస్ చెప్పిన అక్కని మళ్లీ పిలిచి, మా ఎడిటర్ రెండు రాత్రులు కూర్చుంటే గానీ తేలలేదు, ఆ రెండు రాత్రులకి మాకు పైసా రాలేదు.

అందుకే ఇప్పుడు పని ఒప్పుకోగానే మేం మొదట తెరిచేది ఫిగ్మా (స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్) కాదు, ఒక షీట్. ఎడమ వైపు వరుసలో యాప్‌లో ఎక్కడెక్కడ ఏ మాట వస్తుందో, పక్క వరుసలో తెలుగు, దాని పక్కన ఆ మాట వీడియోలో నోటితో చెప్పాల్సి వస్తుందా లేదా. క్లయింట్ ఇచ్చే తెలుగు చాలాసార్లు మెషీన్ అనువాదం. హోమ్ అనే చోట "ఇల్లు" అని, బుక్ చేయమనే చోట "పుస్తకం" అని ఉన్న షీట్లు నేను చూశాను. వాటిని ఒక్కొక్కటీ బయటికి చదవండి. మీ అమ్మకి ఫోన్‌లో చెప్తే అర్థమవుతుందా అని చూడండి. ఓటీపీ, డౌన్‌లోడ్, లాగిన్ లాంటివి జనం నోట్లో ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి, వాటికి కొత్త తెలుగు కనిపెట్టడం వాడేవాళ్లకి శిక్ష. అలాగని "నమోదు", "చిరునామా", "మార్చండి" లాంటి బతికున్న మాటల్ని తీసేసి ఇంగ్లీషు పెట్టడం కూడా తప్పే. ఇంకోటి, యాప్ అంతా వాడేవాళ్లని "మీరు" అనే పిలవాలి. ఒక స్క్రీన్‌లో "ఎంచుకోండి", ఇంకో స్క్రీన్‌లో "ఎంచుకో" అని ఉంటే చదివేవాళ్లకి గుచ్చుకుంటుంది. షీట్ మీద క్లయింట్ "ఓకే" అని మెయిల్ పెట్టేదాకా స్క్రీన్ పని మొదలుపెట్టం.

మ్యాటర్ విషయంలో ఇంకో చిక్కు, డీటీపీ (ప్రింటు కోసం కంప్యూటర్‌లో పేజీలు కట్టే పని) నుంచి వచ్చే ఫైళ్లు. పాంప్లెట్లు, బ్రోచర్లు చేసేవాళ్లు చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లలోనే టైప్ చేస్తారు, అది యూనికోడ్ (ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాదు, యాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. కన్వర్టర్‌లో వేసి తీసుకోవచ్చు గానీ ఆ తర్వాత అక్షరం అక్షరం ప్రూఫ్ చూడాల్సిందే. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక క్యారెక్టర్ ఉంటుంది, కాపీ పేస్టుల్లో అది పోతే వ కాస్తా ఒత్తుగా మారి "సాఫ్ట్వేర్" అయిపోతుంది. మా షీట్‌లో ఇలాంటి మాటలన్నీ వేరే రంగులో ఉంటాయి, చివర్లో వాటినే వెతికి చూస్తాం.

ఇక స్క్రీన్లు. ఇంగ్లీషులో గీసేసి తర్వాత తెలుగు నింపుదాం అనుకుంటే డిజైన్ కూలిపోతుంది. ఇంగ్లీషులో మూడక్షరాల "పే" (Pay) తెలుగులో "చెల్లించండి" అవుతుంది, బటన్ వెడల్పు సరిపోదు. కింద ఒత్తులు, పైన గుడి, దీర్ఘాలు ఉంటాయి కాబట్టి లైన్‌కీ లైన్‌కీ మధ్య జాగా ఎక్కువ కావాలి. ఇంగ్లీషుకి అక్షరం సైజులో 1.4 రెట్లు చాలిన చోట తెలుగుకి మేం 1.6 నుంచి 1.7 దాకా ఇస్తాం. ఫాంట్ ఎంచుకునేటప్పుడు "అమ్మ, నాన్న" టైప్ చేసి బాగుందనుకోకండి. "స్త్రీ", "రాష్ట్రం", "జ్యోత్స్న", "వైశిష్ట్యం" టైప్ చేయండి. వీటిలో కింది ఒత్తు బటన్ అంచుకి తెగిపోకుండా నిలబడితే ఆ ఫాంట్, ఆ సైజు పనికొస్తాయి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, సురన్న లాంటివి ఉచితంగా దొరుకుతాయి, చూడటానికి బాగుంటాయి, కానీ ఒకే మందంలో ఉంటాయి, హెడ్డింగ్‌కి బోల్డ్ నొక్కితే సాఫ్ట్‌వేర్ బలవంతంగా అక్షరాన్ని ఉబ్బిస్తుంది. యాప్‌కి పలచన నుంచి మందం దాకా కావాలంటే నోటో సాన్స్ తెలుగు గానీ అనెక్ తెలుగు గానీ హింద్ గుంటూరు గానీ తీసుకోండి. తెలుగుకి ఇటాలిక్ వాడొద్దు.

వేలితో నొక్కే చోటు ఆపిల్ లెక్కలో కనీసం 44 పాయింట్లు, ఆండ్రాయిడ్ లెక్కలో 48 డీపీ (పాయింటూ డీపీ రెండూ స్క్రీన్ మీద సైజు కొలిచే లెక్కలు). అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా 4.5కి 1 నిష్పత్తి కంటే తగ్గకూడదు. పొలంలో ఎండలో, పగిలిన గ్లాసు మీద చూస్తారు కాబట్టి మేం ఇంకా ఎక్కువే పెడతాం. స్క్రీన్ అయ్యాక దాన్ని పెద్ద మానిటర్‌లో మెచ్చుకుంటూ కూర్చోకుండా ఒక చవక ఫోన్‌లోకి పంపి మేడ మీదకి తీసుకెళ్లి మిట్టమధ్యాహ్నం చూడండి. ఇందుకోసమే మా దగ్గర ఒక పాత ఫోన్ ఉంది, స్టూడియోలో నాకు అన్నిటికంటే ఇష్టమైన వస్తువు అదే.

వీడియో దగ్గరికి వద్దాం. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు టైప్ చేయగానే ఒత్తులు విడిపోయి పక్కకి వచ్చాయంటే కంగారు పడొద్దు, ఫాంట్ తప్పు కాదు. ప్రీమియర్‌లో, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో వెర్షన్‌ని బట్టి ప్రిఫరెన్సెస్‌లో టెక్స్ట్ ఇంజిన్ అని ఉంటుంది, ఉంటే అది సౌత్ ఏషియన్ భాషల వైపు ఉందో లేదో ప్రాజెక్టు మొదలుపెట్టే ముందే చూసుకోండి. అక్షరాలు ఒకటొకటిగా ఎగిరొచ్చే యానిమేషన్లు ఇంగ్లీషుకి చేసినవి, తెలుగుకి వాటిని వేస్తే గుణింతం ఒకవైపు, ఒత్తు ఒకవైపు ఎగురుతుంది. మాట మొత్తం ఒకేసారి కదిలేలా పెట్టండి. సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత ఇంకా లేకపోతే డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌తో మొదలుపెట్టొచ్చు, క్లయింట్ చూసేది వీడియోని కదా.

కెమెరాతో మనుషుల్ని తీసే వీడియో అయితే సెకనుకి 25 ఫ్రేములు (బొమ్మలు), షటర్ అంటే ఒక్కో ఫ్రేముకి వెలుతురు తీసుకునే సమయం సెకనులో 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్, అందుకే ఈ లెక్కలో తీస్తే ట్యూబ్‌లైట్ల కింద ఫ్లికర్ (వెలుగు మిణుకు) రాదు. 30 ఫ్రేముల్లో 1/60 పెట్టి ఏ బ్యాంకు బ్రాంచిలోనో, షాపులోనో తీస్తే గోడ మీద చారలు పాకుతాయి, వాటిని తర్వాత తీసేయడం చాలా కష్టం. ఫోన్ స్క్రీన్ రికార్డింగ్‌తో ఇంకో బాధ ఉంది: అది నిలకడగా ఒకే వేగంతో రికార్డు కాదు, ఫ్రేముల లెక్క మారుతూ ఉంటుంది. నేరుగా టైమ్‌లైన్‌లో వేస్తే మొదటి నిమిషం బాగానే ఉండి చివరికొచ్చేసరికి మాట ఒకచోట, వేలు ఒకచోట అవుతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కి (మారని వేగానికి) మార్చుకున్నాకే ఎడిట్‌లోకి తెచ్చుకోండి. ఇంకా నన్నడిగితే రికార్డింగ్ మీద ఆధారపడటం తగ్గించండి. ఖరారైన స్క్రీన్లు ఫిగ్మాలో ఉన్నాయి కదా, వాటినే బొమ్మలుగా తెచ్చుకుని స్క్రోల్, నొక్కడం మనమే యానిమేట్ చేస్తే అక్షరం పదునుగా ఉంటుంది, రేపు ఒక మాట మారినా ఆ ఒక్క బొమ్మే మారుతుంది. స్క్రీన్లూ వీడియోలూ ఒకే గదిలో చేయడం వల్ల ఉన్న అసలు లాభం ఇదే, స్క్రీన్ గీసిన అమ్మాయి లేయర్లకి పేర్లు సరిగ్గా పెడితే ఎడిటర్‌కి సగం పని అయిపోయినట్టే.

రికార్డే చేయాల్సి వస్తే ఫోన్‌లో నోటిఫికేషన్లు ఆపేయండి, బ్యాటరీ నిండుగా, గడియారం అన్ని షాట్లలో ఒకే టైమ్ చూపించేలా పెట్టుకోండి. ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్లలో దీనికోసం డెమో మోడ్ ఉంటుంది. నిజమైన వాళ్ల పేరు, ఫోన్ నంబరు, ఆధార్ నంబరు వీడియోలో ఒక్క ఫ్రేములో కూడా ఉండకూడదు.

వాయిస్ మేం రాత్రి పది తర్వాతే రికార్డు చేస్తాం, మా వీధిలో హారన్లు అప్పుడే తగ్గుతాయి. ఫ్యాను, ఏసీ ఆపి, గోడలకి బొంతలు వేలాడదీస్తాం. ఖరీదైన మైకు కంటే బొంతలే ఎక్కువ పని చేశాయి. స్క్రిప్టులో అంకెలు వేయకండి, "1,250" అని రాస్తే ఒకరు పన్నెండు వందల యాభై అంటారు, ఇంకొకరు వెయ్యిన్నీ రెండు వందల యాభై అంటారు, సెకన్ల లెక్క మారిపోతుంది. మా అనుభవంలో నిమిషానికి తొంభై, వంద తెలుగు మాటలకి మించి రాస్తే వాయిస్ చెప్పేవాళ్లు పరిగెత్తాల్సి వస్తుంది, చూసేవాళ్లు స్క్రీన్ మీద బటన్ వెతుక్కునేలోపు మాట దాటిపోతుంది.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా మొదటి రోజే మాట్లాడండి. మేం 40 శాతం అడ్వాన్స్, స్క్రీన్లు ఖరారైన రోజు 30, చివరి ఫైలు ఇచ్చే ముందు మిగతా 30 తీసుకుంటాం. అప్పటిదాకా క్లయింట్‌కి వెళ్లేది వాటర్‌మార్క్ ఉన్న వీడియోనే. కరెక్షన్లు రెండు సార్లు, అదీ ఒకే మనిషి దగ్గర్నుంచి రాతపూర్వకంగా రావాలి. సార్ ఒకటి, మేనేజర్ ఒకటి, సార్ వాళ్లబ్బాయి ఒకటి వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు పెడితే దేన్నీ మొదలుపెట్టొద్దు. స్టూడియో పెట్టగానే ఉద్యమ్ (చిన్న సంస్థలకి కేంద్ర ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ఆన్‌లైన్‌లో ఉచితం, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి కొనుగోలుదారు 45 రోజుల్లోపు చెల్లించాలి, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడింతలు చక్రవడ్డీ. ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ నంబరు, దాని కింద ఈ 45 రోజుల సంగతి ఒక్క వాక్యంలో రాయండి. ఇది మొదలుపెట్టాక మా బాకీలు చాలావరకు అడగకుండానే వచ్చాయి. సేవల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. కంపెనీలు మీ బిల్లులో కొంత శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి ఇస్తాయి, అది మీ పాన్ మీద నిజంగా జమైందో లేదో మూడు నెలలకోసారి చూసుకోండి.

బయటివాళ్లతో బొమ్మలు గీయించుకుంటే కాగితం తప్పనిసరి. బొమ్మ హక్కు చాలాసార్లు గీసినవాళ్లదే, మీరు డబ్బిచ్చినంత మాత్రాన అన్నిసార్లూ మీకు రాదు. రాతపూర్వకంగా బదలాయించుకోవాలి, ఆ కాగితంలో ఎంతకాలానికో రాయకపోతే కాపీరైట్ చట్టం దాన్ని 5 ఏళ్లకే లెక్కిస్తుంది, ఏ దేశాలకో రాయకపోతే మన దేశానికే. క్లయింట్‌కి "ఎప్పటికీ మీదే" అని రాసిచ్చే ముందు అది మీ చేతిలో ఉందో లేదో చూసుకోవాలి కదా.

మనుషుల గురించి రెండు మాటలే. ఉగాదికి ముందు, దసరాకి ముందు అందరికీ ఒకేసారి వీడియోలు కావాలి, అప్పుడు కొత్త పని ఒప్పుకోకపోవడం నేర్చుకోండి. జనవరి 10 నుంచి 18 దాకా మా క్యాలెండర్‌లో ఏ డెలివరీ ఉండదు, అక్టోబరులోనే క్లయింట్లకి చెప్పేస్తాం. మా ఎడిటర్ ఊరు అమలాపురం దగ్గర, "అన్నా, రిజర్వేషన్ చేయించేసుకోనా?" అని నవంబరులో అడుగుతాడు, ధైర్యంగా చేయించుకో అని చెప్పగలగాలి. రాత్రి పని చేసినవాళ్లు మర్నాడు మధ్యాహ్నం దాకా రారు, ఫోన్ కూడా చేయం.

చివరి ఫైలు ఇచ్చే రోజు ఫోల్డర్‌లో మాస్టర్ వీడియో, నిలువుగా ఉండే వెర్షన్, తెలుగు సబ్‌టైటిల్ ఫైలు, వాడిన ఫాంట్లు వాటి లైసెన్సులతో సహా, ఖరారైన మాటల షీట్ పెట్టి ఇస్తాం. మా దగ్గర రెండు డ్రైవుల్లో కాపీ ఉంటుంది, ఒకటి స్టూడియోలో, ఒకటి మా ఇంట్లో. ఫైలు పేరు చివర "ఫైనల్" అని రాయం, తేదీ రాస్తాం. ఏడాది తర్వాత అదే క్లయింట్ ఒక్క బటన్ మార్చమని వస్తే ముందు తెరిచేది ఆ షీటే.