ఇసుకలో మొరాయించే స్ట్రోలర్: సమస్య - పరిష్కారం

కడపవాసులకు సముద్రం దూరమే గానీ ఇసుక దూరం కాదు. వేసవిలో పుష్పగిరి వెళ్తే పెన్న ఇసుక. సెలవులకు బద్వేలు మీదుగా నెల్లూరు వెళ్తే మైపాడు బీచ్. దుకాణంలో నున్నటి గచ్చు మీద చేత్తో తాకితే కదిలిన స్ట్రోలర్, అంటే బిడ్డను కూర్చోబెట్టి తోసే బండి, ఈ రెండు చోట్లా అడుగు ముందుకు వేయదు. రంగు, గొడుగు, సీసా పెట్టుకునే అర చూసి కొనకండి. ముందు చక్రాలు చూడండి.

సమస్య: ముందు చక్రాలు దిగబడి బండి అడ్డం తిరుగుతోంది

కారణం: చిన్న, గట్టి ప్లాస్టిక్ చక్రాలు బరువంతా కొద్దిపాటి చోట మోపుతాయి. కింద ఇసుక పక్కకు జరిగిపోతుంది. అన్ని వైపులా తిరిగే ముందు చక్రమైతే కూరుకున్న వెంటనే అడ్డం పడుతుంది. ఇంకా తోస్తే ఇంకా లోపలికి పోతుంది.

పరిష్కారం: ముందు చక్రాలకు లాక్ ఉంటే తిన్నగా బిగించండి. తోయడం మానేసి బండిని వెనక్కి లాగండి. అప్పుడు పెద్ద చక్రాలు ముందు నడుస్తాయి, చిన్నవి వాటి వెనకాల వస్తాయి. సముద్రం ఒడ్డున అల తడిపి వెళ్లిన ఇసుక గట్టిగా ఉంటుంది, బండి అక్కడ సులువుగా సాగుతుంది. ఆపినప్పుడు మాత్రం అలలకు బాగా దూరంగా, బ్రేకు వేసి ఆపండి. పొడి ఇసుక దాటేటప్పుడు బిడ్డను ఎత్తుకోవడమే మంచిది.

కొత్తది కొనేవారైతే వెడల్పాటి, గాలి నింపే టైర్లున్నది చూడండి. అది బరువు ఎక్కువ, ఆటోలో చోటు తింటుంది. ఏడాదికి ఒక్కసారి బీచ్‌కు వెళ్లేవారికి అంత ఖర్చు అనవసరమని నా అభిప్రాయం.

సమస్య: టైరులో గాలి నిలవడం లేదు

కారణం మన ప్రాంతంలో చాలాసార్లు ఒక్కటే: సర్కారు తుమ్మ ముల్లు. టైరు నెమ్మదిగా తిప్పుతూ వేలితో తడిమి చూడండి. విరిగిన ముల్లు మొన లోపలే ఉండిపోతే కొత్త ట్యూబు వేసినా మళ్లీ పంచరే.

చక్రం ఊడదీసి సైకిల్ షాపుకు తీసుకెళ్లండి. టైరు పక్కన కొలత రాసి ఉంటుంది. 12 అంగుళాలది చిన్నపిల్లల సైకిళ్లకూ వాడే కొలతే కాబట్టి ట్యూబు దొరికే అవకాశం ఎక్కువ. రోజూ ముళ్ల దారిలో తిరిగేవారికి గాలికి బదులు ఫోమ్ నింపిన టైర్లు మేలు. కుదుపు కాస్త ఎక్కువే గానీ పంచరు బెడద ఉండదు.

సమస్య: చక్రం కిర్రుమంటోంది, బరువుగా తిరుగుతోంది

చక్రం తీసి ఇరుసు చూడండి. వెంట్రుకలు, పాత జిడ్డు, ఇసుక కలిసి నల్లటి ముద్దగా చుట్టుకుని ఉంటాయి. చాలామంది అక్కడే కొబ్బరినూనె పోస్తారు. ఒక పూట బాగుంటుంది, ఆ నూనెకే మరింత ఇసుక అంటుకుంటుంది. వెంట్రుకలు కత్తిరించి, మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, సిలికాన్ స్ప్రే కొద్దిగా కొట్టండి. సముద్రం నుంచి వస్తే అదే రోజు కడగాలి. ఫ్రేము అల్యూమినియందైనా ఉక్కు స్క్రూలు, స్ప్రింగులు ఉప్పుకు తుప్పు పడతాయి.

సమస్య: కడప బండల దారిలో దడదడ

బండల మధ్య సందుల్లో చిన్న చక్రాలు పడుతున్నాయి. సందును కాస్త ఏటవాలుగా దాటించండి. స్క్రూలు తరచూ బిగించండి.

సమస్య: నీడలో ఉన్నా బిడ్డ చెమటతో తడిసిపోతోంది

అన్నిటికన్నా దీన్ని ముందు పట్టించుకోండి. ఎండ పడకూడదని బండి మీద పలుచటి బట్ట కప్పుతారు. దానితో గాలి ఆడక లోపల వేడి పెరుగుతుంది. బట్ట తీసేయండి. పెద్ద గొడుగు, వెనుక జాలీ ఉన్న సీటు ఎంచుకోండి. బిడ్డను కూర్చోబెట్టే ముందు బెల్టు బకిల్‌ను ముంజేతితో తాకి చూడండి. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో మధ్యాహ్నం బండి బయటకు తీయకపోవడమే మంచిది. బిడ్డ ఒళ్లు కాలిపోతూ, మగతగా ఉండి, పాలు తాగకపోతే చల్లటి చోటికి చేర్చి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.