ఐరోపాలో తొలిసారి రైలు ప్రయాణం: టికెట్లు కొనేముందు జాగ్రత్తలు

వేసవి సెలవుల్లో ఐరోపా నగరాలను రైలులో చుట్టిరావాలనుకునే భారతీయ ప్రయాణికులు డబ్బు కట్టకముందే ఇవి సరిచూసుకోవాలి.

వీసా ఎన్ని ప్రవేశాలకు చెల్లుతుందో మొదట చూడండి. పారిస్ నుంచి లండన్ వెళ్లి మళ్లీ పారిస్ రావాలంటే బ్రిటన్ వీసా వేరుగా తీసుకోవడమే కాక, ఫ్రాన్స్ సహా పలు ఐరోపా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా కూడా కనీసం రెండు ప్రవేశాలకు అనుమతించేదై ఉండాలి. ఒకే ప్రవేశపు వీసా లండన్ ప్రయాణంతోనే ముగిసిపోతుంది, ఆపై చేసుకున్న బుకింగులన్నీ వృథా అవుతాయి.

పలు ఐరోపా దేశాల రైళ్లలో తిరగడానికి వీలిచ్చే యూరైల్ పాస్ ఉన్నంత మాత్రాన సీటు దొరికినట్టు కాదు. ఫ్రాన్స్‌లోని టీజీవీ అనే అతివేగ రైళ్లలోనూ, పారిస్-లండన్ మధ్య నడిచే యూరోస్టార్‌లోనూ రిజర్వేషన్‌కు అదనపు రుసుము ఉంటుంది, పాస్‌దారులకు కేటాయించే సీట్లు పరిమితం. అందువల్ల సీట్ల లభ్యత చూశాకే పాస్ కొనడం మేలని నా అభిప్రాయం.

స్టేషన్ పేరు పూర్తిగా చదవండి. పారిస్‌లో లండన్ రైళ్లు గార్ ద్యు నార్‌కు వస్తాయి, జ్యూరిచ్ రైళ్లు గార్ ద లియోన్ నుంచి బయలుదేరతాయి.

విడివిడిగా కొన్న టికెట్ల మధ్య ఎక్కువ వ్యవధి ఉంచుకోండి, ఎందుకంటే మొదటి రైలు ఆలస్యమైతే రెండో టికెట్‌కు హామీ ఉండకపోవచ్చు.

ఇటలీ ప్రాంతీయ రైళ్ల కాగితపు టికెట్‌పై ఎక్కేముందే స్టేషన్ యంత్రంలో ముద్ర వేసుకోవాలి, లేకుంటే జరిమానా పడవచ్చు.