అబద్ధపు సాక్ష్యంపై పిటిషన్, 4వ పాఠం: రెండు వాంగ్మూలాలను పక్కపక్కన పెట్టడం

సాక్షి ఇచ్చిన రెండు వాంగ్మూలాల సర్టిఫైడ్ కాపీలు గత పాఠంలో తెప్పించుకున్నాం. ఇక చదవడమే.

ముందు ప్రతి వాంగ్మూలం పైభాగం చూడండి: ప్రమాణం చేయించి రాసిందేనా? పోలీసులు బీఎన్ఎస్ఎస్ (సీఆర్పీసీ స్థానంలో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 180వ సెక్షన్ (పాత సీఆర్పీసీ 161) కింద రాసుకున్నదైతే పక్కన పెట్టేయండి. దానికి ప్రమాణం ఉండదు, సాక్షి సంతకమూ ఉండదు. విచారణలో సాక్షిని నిలదీయడానికే పనికొస్తుంది. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. 183 (పాత 164) కింద మేజిస్ట్రేటు ప్రమాణం చేయించి రాసిన సాక్షి వాంగ్మూలానికీ, సెషన్స్ కోర్టులో చెప్పిన సాక్ష్యానికీ పొంతన లేకపోతే అప్పుడు మనకు పని.

కాగితం మీద మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో మొదటి మాట, తేదీ, పేజీతో సహా, అక్షరం మార్చకుండా: “గట్టు మీద నుంచి చూశాను, అతనే కర్రతో కొట్టాడు.” రెండో గడిలో: “ఆ రోజు నేను ఊళ్లోనే లేను.” మూడో గడికి వచ్చేసరికి మీరే సాక్షి తరఫు వకీలు. రెండూ నిజమయ్యే దారి ఉందా? ఇక్కడ లేదు. “సాయంత్రం ఆరున్నరకి”, “చీకటి పడ్డాక” అనుంటే మాత్రం చలికాలంలో రెండూ ఒకటే. ఆ వరుస కొట్టేయండి.

“పోలీసులు చెప్పమంటే చెప్పాను” అన్న జవాబు ఎటూ వస్తుంది. మేజిస్ట్రేటు ముందుగా అడిగిన ప్రశ్నలు కాపీలో ఉంటే వాటినీ మూడో గడిలోనే ఎక్కించండి.

తెలుగు సాక్షితో ఇంకో చిక్కు. “కొట్టాడంట” అంటే విన్న మాట. డిపాజిషన్ (కోర్టు నమోదు చేసే సాక్ష్యం) ఇంగ్లిషులో టైపయ్యేటప్పుడు ఆ “అంట” ఎగిరిపోతే, విన్నవాడు కాస్తా చూసినవాడైపోతాడు. అలాంటి వరుస మీద పిటిషన్ నిలబెట్టకండి.

రెండింట్లో ఏది అబద్ధమో మీరు తేల్చక్కర్లేదు. బీఎన్ఎస్ఎస్ 244వ సెక్షన్ (పాత 221) ఉదాహరణలోనూ ఇలాంటి కర్ర దెబ్బే: ఏది అబద్ధమో రుజువు కాకపోయినా, ప్రత్యామ్నాయ అభియోగం (ఇదో అదో, ఏదో ఒకటి అబద్ధమని) మోపి శిక్షించవచ్చు. బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) 229 కింద ఏడేళ్ల దాకా జైలు, పదివేల దాకా జరిమానా. అబద్ధం 2024 జులై 1కి ముందుదైతే ఐపీసీ 193 రాయాలి.

పిటిషన్ బీఎన్ఎస్ఎస్ 379 (పాత 340) కింద, ఆ సాక్ష్యం నమోదైన కోర్టులోనే వేయాలి. నేరుగా ప్రైవేటు కంప్లయింటు వేస్తే కోర్టే ఫిర్యాదు చేయాలనే బీఎన్ఎస్ఎస్ 215 అడ్డొస్తుంది. మాట మార్చాడని చూపిస్తే సరిపోదు. చర్య న్యాయం కోసం అవసరమని కోర్టుకు అనిపించాలని ఇక్బాల్ సింగ్ మర్వా కేసులో (2005) సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ప్రతి వరుస కిందా ఒక్క వాక్యం చేర్చండి: ఈ మాట మారడం వల్ల కేసులో ఏం తారుమారైంది?

ఆ వాక్యం రాయలేకపోయిన వరుసలు తీసేసి, మిగిలిన వాటితో 5వ పాఠానికి రండి. పిటిషన్ ముసాయిదా అక్కడ రాద్దాం.