తిరుపతిలో కూర్చొని ఫైట్ స్టిక్ మాడ్ చేసుకోవడం: ముందు బటన్లు, తర్వాత లీవర్, చివర్న బోర్డు

ఫైట్ స్టిక్ అంటే ఫైటింగ్ గేములు ఆడటానికి పెద్ద లీవర్, బటన్లు పెట్టిన పెట్టె లాంటి కంట్రోలర్. దీన్ని కొత్తగా కొన్నోళ్ళు ఎవరైనా అడిగేది ఒకటే, అన్నా దీంట్లో ఏ పార్ట్ మారిస్తే బాగుంటాది అని. నేను చెప్పేది కూడా ఎప్పుడూ ఒకటే, ముందు బటన్లు మార్చండి, అవి చేతికి అలవాటయినాక లీవర్ సంగతి చూడండి, నొక్కుల్ని పీసీకో కన్సోల్‌కో పంపే సర్క్యూట్ బోర్డు జోలికి అన్నిటికన్నా చివర్న పోండి. అన్నీ ఒకేసారి ఆర్డర్ పెట్టేసి ఒక్క రాత్రిలో విప్పి బిగించేద్దాం అనుకుంటే ఏది మార్చినందుకు ఏం తేడా వచ్చిందో మీ చేతికే తెలీదు, పైగా ఏదన్నా పని చేయకపోతే తప్పు యాడుందో వెతకడానికి దారి కూడా ఉండదు.

మన తిరుపతి, చిత్తూరు వైపు ఇంకో కష్టం ఉండాది. సాన్వా, సైమిట్సు లాంటి జపాన్ కంపెనీల పార్ట్స్ షాపుకి పోయి చేత్తో పట్టుకొని చూసి కొనేవి కావు, ఆన్‌లైన్లో తెప్పించుకోవాల్సిందే, బయట దేశం నుంచి వస్తే కస్టమ్స్ డ్యూటీ పడొచ్చు, సైజు తప్పయితే వాపస్ పంపడం పెద్ద తలనొప్పి. కాబట్టి ఆర్డర్ పెట్టకముందే స్టిక్ విప్పి లోపల చూసుకోండి సామీ. యూఎస్‌బీ కేబుల్ పీకేసి, కింద స్క్రూలు తీసి, మూత పక్కన పెట్టి, నాలుగు పక్కల నుంచి ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి, ఏ వైరు ఏ బటన్‌కి పోతోందో చిన్న టేపు ముక్క మీద రాసి అంటించండి. ఇది బద్ధకంగా అనిపిస్తాది గానీ ఎనిమిది బటన్ల వైర్లు ఒకే రంగులో ఉన్న చీప్ స్టిక్ ఒకటి మీ ముందుకొచ్చిందంటే ఈ టేపు ముక్కలే కాపాడతాయి.

లోపల చూడాల్సినవి ఇవి. బటన్ రంధ్రం 30 ఎంఎం ఉందా లేదా స్కేలు పెట్టి కొలవండి, అటాక్ బటన్లు మామూలుగా 30, స్టార్ట్ సెలెక్ట్ లాంటివి 24 ఉంటాయి. వైర్లు బటన్‌కి సోల్డర్ చేసి ఉన్నాయా లేక పీకితే వచ్చే లగ్గులు (వైరు కొనకి ఉండే రేకు క్లిప్పులు) ఉన్నాయా చూడండి. లీవర్ నుంచి ఐదు పిన్నుల కనెక్టర్ ఒక్కటే వస్తోందా, లేక ఒక్కో స్విచ్చుకి వేరే వేరే వైర్లు ఉన్నాయా చూడండి. లోపల ఎంత లోతు ఉందో కూడా కొలిచి పెట్టుకోండి, లీవర్ కింద భాగం మూతకి తగిలితే ఎంత మంచి పార్ట్ అయినా దండగ. ఇంకా పై ప్యానెల్ ఎంత మందం ఉందో చూడాల, ఎందుకంటే సాన్వా ఓబీఎస్ఎఫ్-30 అనేది స్నాప్-ఇన్ బటన్, సన్నటి మెటల్ ప్లేటుకి క్లిక్‌మని పడతాది, అదే మీరు ప్లైవుడ్డుతో సొంతంగా పెట్టె చేయించుకొని ఉంటే దాని రెక్కలు కిందదాకా రావు, పట్టుకోవు, అప్పుడు ఓబీఎస్ఎన్-30 అనే మర బిగించే రకం తీసుకోవాల.

బటన్లు ఎందుకు ముందు అంటే, చీప్ స్టిక్కులో చేతికి ఎక్కువ ఇబ్బంది పెట్టేవి అవే. కొన్ని గట్టిగా నొక్కితే గానీ తగలవు, కొన్ని పైకి లేచేటప్పుడు ఇరుక్కుంటాయి, ఒకే బటన్ టకటకా కొట్టాల్సి వచ్చినప్పుడు ఒకటి రెండు నొక్కులు మిస్సవుతాయి. సాన్వా బటన్ చాలా తేలిక, వేలు ఆనిస్తే చాలు తగులుతాది, మొదట్లో అనుకోకుండా కూడా నొక్కుకుపోతాయి, దానికి భయపడొద్దు, ఆడే కొద్దీ వేలు సర్దుకుంటాది. అంత తేలిక వద్దనుకునేవాళ్ళు సైమిట్సు పీఎస్-14 రకం చూడొచ్చు, అది కొంచెం గట్టిగా ఉంటాది.

ఇప్పుడు లగ్గుల సంగతి, దీంట్లో చాలామంది ఆగిపోతారు. సాన్వా బటన్ కింద ఉండే రేకులకి 2.8 ఎంఎం లగ్గులు కావాల. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర దొరికేవి ఎక్కువగా 6.3 ఎంఎం, చూడ్డానికి ఒకేలా ఉన్నా ఇవి సాన్వా బటన్‌కి వదులుగా వేలాడతాయి, నొక్కి సరిపెడదాం అనుకోకండి, ఆట మధ్యలో ఊడిపోతాయి. అమెరికన్ కంపెనీ హ్యాప్ రకం బటన్ల మైక్రోస్విచ్చులకి 4.8 ఎంఎం కావాల. బటన్లతో పాటే ఆన్‌లైన్లో సరైన సైజు తెప్పించుకోండి, లేదంటే చెన్నైకి ఎట్లాగూ పని మీద పోతా ఉంటారు కదా, సప్తగిరి రైల్లో పోయి దిగినాక ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌లో ఒక రౌండ్ వేస్తే లగ్గులు, వైరు, క్రింపింగ్ ప్లయర్, మల్టీమీటర్ అన్నీ ఒకే చోట చూసుకోవచ్చు. పాత వైర్లు సోల్డర్ చేసి ఉంటే బటన్ దగ్గర కట్ చేసి, బోర్డు వైపు వైరు పొడుగ్గా మిగిలేట్టు చూసుకొని, కొన తొక్క తీసి లగ్గు క్రింప్ చేయండి, అంటే ప్లయర్‌తో నొక్కి బిగించండి.

పాత బటన్ తీసేటప్పుడు వైరు పట్టుకొని లాగొద్దు, నోస్ ప్లయర్‌తో లగ్గు రేకుని పట్టుకొని అటూ ఇటూ కొంచెం కదిలిస్తా తీయండి. కింద నుంచి రెండు పక్కల రెక్కలు లోపలికి నొక్కి పైకి తోస్తే బటన్ వచ్చేస్తాది. కొత్తది పెట్టేటప్పుడు రేకులన్నీ ఒకే దిక్కుకి ఉండేట్టు తిప్పి పెట్టుకుంటే వైరింగ్ చక్కగా ఉంటాది. ఒక్కో బటన్‌కి రెండు వైర్లు, ఒకటి సిగ్నల్, ఇంకోటి గ్రౌండ్, అది స్విచ్చే కాబట్టి ఏ రేకుకి ఏది పెట్టినా పని చేస్తాది. గ్రౌండ్ వైరు మాత్రం ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కి గొలుసు లెక్క పోతాది, మధ్యలో ఒకటి ఊడితే దాని తర్వాతవన్నీ చచ్చిపోతాయి, కాబట్టి వరసగా మూడు నాలుగు బటన్లు పని చేయట్లేదంటే బటన్లని తిట్టకుండా ముందు గ్రౌండ్ గొలుసు చూడండి. ఒకటి తీసి ఒకటి పెట్టండి, అన్నీ ఊడబెరికి కుప్ప పోయకండి. అయిపోయినాక మూత బిగించకముందే పీసీకి పెట్టి, విండోస్‌లో రన్ ఓపెన్ చేసి జాయ్ డాట్ సీపీఎల్ అని కొడితే టెస్ట్ విండో వస్తాది, ఒక్కో బటన్ నొక్కి చూసుకోండి.

లీవర్‌కి వస్తే ఎక్కువమంది పెట్టేది సాన్వా జేఎల్ఎఫ్, స్పేర్ పార్ట్స్ కూడా దీనికే ఎక్కువ రకాలు. ముందు బాల్ టాప్ (పైన ఉండే బంతి) తీయాల, షాఫ్ట్ అంటే లీవర్ కడ్డీ, దాని కింద కొనలో గాడి ఉంటాది, దాంట్లో ఫ్లాట్ స్క్రూడ్రైవర్ పెట్టి కదలకుండా పట్టుకొని పైన బంతిని తిప్పితే వచ్చేస్తాది. తర్వాత మౌంటింగ్ స్క్రూలు తీసి పాతది దించి కొత్తది పెట్టడమే. ఐదు పిన్నుల్లో చివరిది గ్రౌండ్, మిగతా నాలుగు నాలుగు దిక్కులు, కానీ వైర్ల రంగులు ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా పెడతాది కాబట్టి రంగు నమ్మొద్దు. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి ఒక ప్రోబ్ చివరి పిన్ను మీద, ఇంకోటి మిగతా పిన్నుల మీద ఒక్కొక్కటిగా పెట్టి లీవర్ వంచి చూడండి, ప్రతి పిన్నుకీ ఏదో ఒక దిక్కులో బీప్ వచ్చిందంటే మొదట పెట్టిందే గ్రౌండ్. బిగించినాక పైకి వంచితే పక్కకి పోతోందంటే లీవర్ 90 డిగ్రీలు తిరిగి కూర్చుందని అర్థం, లీవర్ తిప్పండి లేదా నాలుగు సిగ్నల్ వైర్లు మార్చుకోండి, గ్రౌండ్ మాత్రం ముట్టుకోకండి.

అసలు నాకు బాగా ఇష్టమైన పని ఇక్కడి నుంచి మొదలవుతాది. మొత్తం లీవర్ మార్చడం కన్నా లోపలి చిన్న ముక్కలు మారిస్తే వచ్చే తేడా ఎక్కువ, ఖర్చు తక్కువ. కింద ఉండే గేట్ అనేది లీవర్ ఎంతదాకా పోవచ్చో ఆపే ప్లాస్టిక్ ముక్క. జేఎల్ఎఫ్‌తో వచ్చేది చతురస్రం గేట్, దాని నాలుగు మూలలే నాలుగు డయాగనల్స్ (ఏటవాలు దిక్కులు), మూలకి పోయి ఆగిందంటే డయాగనల్ పక్కాగా తగిలినట్టే. కొత్తోళ్ళు మూలలు చేతికి కొట్టుకుంటున్నాయని వెంటనే ఎనిమిది మూలల గేట్ కొంటారు, నా మాట వింటే కొన్నాళ్ళు చతురస్రం మీదే ఆడండి, క్వార్టర్ సర్కిల్ (పావు వృత్తం) తిప్పడానికి లీవర్ గోడకి ఆనించి రుద్దాల్సిన పని లేదు, స్విచ్ అంతకన్నా ముందే తగులుతాది, ఆ సంగతి చేతికి తెలిసినాక మూలలు అడ్డమే అనిపించవు. ఇంకో మాట, ఈ చతురస్రం గేట్‌ని తిప్పి నాలుగు దిక్కులకే పరిమితం చేసే ఏర్పాటు కూడా ఉండాది, కాబట్టి కొత్త లీవర్‌లో డయాగనల్స్ అసలు రాకపోతే పార్ట్ పాడని అనుకోకుండా గేట్ ఏ పొజిషన్లో ఉందో చూడండి.

స్ప్రింగ్ మార్చాలంటే గేటు, స్విచ్చుల పీసీబీ తీసినాక షాఫ్ట్ చివర్న ఇంగ్లీషు E ఆకారంలో చిన్న ఈ-క్లిప్ కనిపిస్తాది. యాక్చువేటర్‌ని (షాఫ్ట్‌కి తొడిగి ఉండి స్విచ్చుల్ని నొక్కే ముక్క) వేలితో లోపలికి అదిమి పట్టి క్లిప్‌ని చిన్న స్క్రూడ్రైవర్‌తో పక్కకి తోయాల, ఇది ఎగిరిందంటే మంచం కింద ఎక్కడ పడిందో దొరకదు, అందుకని లీవర్‌ని పెద్ద పారదర్శక ప్లాస్టిక్ కవర్లో పెట్టి చేతులు లోపల పెట్టి తీయండి. గట్టి స్ప్రింగ్ వేస్తే లీవర్ వదిలిన వెంటనే మధ్యకి వచ్చేస్తాది, డ్యాష్‌లు (ఒకే దిక్కుకి టకటకా రెండుసార్లు కొట్టి దూసుకుపోవడం) వేసేవాళ్ళకి బాగుంటాది, గంటలు గంటలు ఆడేవాళ్ళకి మణికట్టు నొప్పి పుడతాది. యాక్చువేటర్ కొంచెం లావుది వేస్తే స్విచ్ తొందరగా తగులుతాది, కానీ అనుకోని దిక్కులు కూడా తగలడం మొదలవుతాది. రెండూ ఒకేసారి మార్చకండి. విప్పినప్పుడే లీవర్ ఊగే పివోట్ దగ్గర పాత జిడ్డు తుడిచి సిలికాన్ గ్రీజు కొంచెం రాయండి, డబ్ల్యూడీ-40 మాత్రం కొట్టొద్దు, అది ఉన్న గ్రీజుని కూడా కడిగేస్తాది.

టెక్కెన్ అనే ఫైటింగ్ గేము ఆడేవాళ్ళు కొరియన్ లీవర్ అడుగుతా ఉంటారు. దాంట్లో స్ప్రింగ్ బదులు రబ్బరు ఉంటాది, చేతికి బాగా ఎదురు తంతాది, వేవ్‌డ్యాష్‌కి (వరసగా డ్యాష్‌లు వేస్తా ముందుకి పోవడానికి) చాలామందికి నచ్చుతాది. కానీ చాలావాటికి లోతు ఎక్కువ కావాల, ఐదు పిన్నుల కనెక్టర్ బదులు విడివిడి వైర్లు ఉండొచ్చు, అందుకే ముందే లోతు కొలవమన్నది.

బోర్డు ఎప్పుడు మార్చాలంటే, ల్యాగ్ (నొక్కినాక ఆలస్యంగా తగలడం) నిజంగా ఉన్నప్పుడు, లేదా మీ కన్సోల్‌కి పాత బోర్డు పని చేయనప్పుడు. పీసీలో మాత్రమే ఆడేవాళ్ళకి రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డు ఒకటి చాలు, దాని మీదుండే బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకొని యూఎస్‌బీ పెట్టి జీపీ2040-సీఈ అనే ఉచిత ఫర్మ్‌వేర్ (బోర్డుని నడిపే సాఫ్ట్‌వేర్) ఫైల్ కాపీ చేస్తే అయిపోతాది. తర్వాత స్టార్ట్ బటన్ పట్టుకొని ప్లగ్ చేసి బ్రౌజర్లో 192.168.7.1 కొడితే బటన్లు సెట్ చేసుకునే పేజీ వస్తాది. పికోకి పిన్నులు సోల్డర్ చేయడం చేతకాకపోతే మొబైల్ సర్వీస్ షాపులో అడగండి, వాళ్ళకి చిన్న పని. పీఎస్4లో మాత్రం అథెంటికేషన్ (కన్సోల్ ఒప్పుకునే గుర్తింపు) లేకుండా పికో ఎనిమిది నిమిషాలకి ఆగిపోతాది, పీఎస్5 గేములకి అయితే దాని కోసమే చేసిన బ్రూక్ కంపెనీ లాంటి బోర్డు తీసుకోవడం మేలు.

పాత పార్ట్స్ పారేయకండి, డబ్బాలో వేసి పెట్టుకోండి, స్విచ్చో స్క్రూవో ఎప్పుడో ఒకప్పుడు అవసరం వస్తాది. ఎండాకాలం మన ఊర్లో చేతికి పట్టే చెమటకి షాఫ్ట్ మీద మచ్చలు పడతాయి, ప్లాస్టిక్ షాఫ్ట్ కవర్ ఒకటి ఆర్డర్లో కలిపేసుకోండి, ఆడటం అయినాక పొడి గుడ్డతో తుడిచి మీద ఒక గుడ్డ కప్పి పెట్టండి, దుమ్ము లోపలికి పోయిందంటే ముందుగా మొరాయించేది లీవర్ స్విచ్చులే.