పశువుల మీథేన్ తగ్గించాలంటే మేత దగ్గర మొదలుపెట్టండి

పశువుల మీథేన్ (భూమిని వేడెక్కించే వాయువు) అనగానే చాలామంది వెనక నుంచి వచ్చే గ్యాస్ అనుకుంటారు గానీ, ఎక్కువ భాగం బయటికొచ్చేది నోటి నుంచే, త్రేన్పులుగా. మేత మొదటి పొట్టలో పులిసేటప్పుడు అక్కడి సూక్ష్మజీవులు హైడ్రోజన్‌ని, కార్బన్ డయాక్సైడ్‌ని కలిపి మీథేన్ తయారుచేస్తాయి, అలా మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం దాకా గాలిపాలవుతుంది. అంటే డబ్బు పోసి కొన్న మేతే పోతోందన్నమాట.

అందుకే ముదిరిన గడ్డి మానేసి, పూత రాకముందే లేతగా కోసి వేయండి. త్వరగా అరుగుతుంది, లీటరు పాలకు పడే మీథేన్ తగ్గుతుంది. నూనెగింజలు కలిపినా మంచిదే, కాకపోతే మేత ఎండు బరువులో కొవ్వు 6 శాతం దాటితే పీచు సరిగా అరగక పశువు మేత తగ్గించేస్తుంది.

3-నైట్రాక్సీప్రొపనాల్ అనే మందు పాడి ఆవుల్లో మీథేన్‌ని సుమారు 30 శాతం తగ్గిస్తుంది. రోజూ దాణాలో కలవాలి కాబట్టి బయట మేసే మందకు ఇవ్వడం తలనొప్పే. పాలు పెరిగి ఖర్చు వెనక్కొస్తుందని మాత్రం ఆశపడకండి, ఆ ఖర్చులో వాటా ఇస్తారేమో పాలు కొనేవాళ్లతో ముందే తేల్చుకోండి.

ఇక పేడ. నీళ్లతో కలిసి గుంటలో మగ్గితే గాలాడక మీథేన్ పుడుతుంది. బయోగ్యాస్ ప్లాంటుకు పంపితే అదే వంటగ్యాస్, మిగిలిన స్లర్రీ ఎరువు. పైపు జాయింట్లకు సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూస్తుండండి, లీకైతే కష్టమంతా వృథా. మీథేన్ గాలిలో ఉండేది 12 ఏళ్లే అయినా, 20 ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 80 రెట్లు వేడి పెంచుతుంది, కాబట్టి ఇప్పుడు తగ్గిస్తే ఫలితం త్వరగానే కనిపిస్తుంది.